ఏడింటి వార్తల్లో ఒక రాయి

118వ రోజు
రాళ్లు: పదకొండు. మనసు: మామూలే.

'మామూలే' అని రాసి ఊరుకోకూడదని మా గది నియమం. ఏరుడు గదిలో పనిచేసే ప్రతివాళ్లూ ఏడింటి వార్తలయ్యాక ఈ దస్త్రంలో తమ మనసు ఎలా ఉందో దాచకుండా రాయాలి. ఉన్నట్టుండి ఏదైనా తినాలనిపించిందా, ఎవరి మీదైనా కారణం లేకుండా కోపమొచ్చిందా, అన్నీ రాయాలి. ఏరేవాడి కంట్లోనే రాయి పడితే ముందుగా బయటపడేది ఈ గడిలోనే. ఏదైనా తప్పు జరిగితే తప్ప ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవరు. పోలినాయుడి పుస్తకం పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ పోలినాయుణ్ని నేనే.

మా కొత్తరేవులో ఏడింటి వార్తలు చూడని ఇల్లు లేదు. ఇళ్లన్నీ సముద్రంలో గుంజల మీదే. చూడకపోతే మర్నాడు పోటు నిచ్చెన మీద ఎన్నో మెట్టుదాకా వస్తుందో, మంచినీళ్ల పడవ ఎన్నింటికో తెలియదు. తెలియకుండా నిచ్చెన దిగితే నేరుగా నీళ్లలోకే. అందుకని అందరూ పగలంతా ఇంటికప్పు మీద ఎండని తాగి దాచుకునే ఎండగుడ్డ ఆరేసి, సాయంత్రానికి దాన్ని మడతపెట్టి గోడకి తగిలించి, గోడ వెలగ్గానే ముందు కూర్చుంటారు. సరిగ్గా ఆ వేళకే ఎవడో ఒకడు వార్తల బొమ్మల మధ్య ఇంకో బొమ్మ దూరుస్తాడు. రెప్పపాటులో పదో వంతు ఉంటుందంతే. చూసినట్టు కంటికే తెలియదు, మనసుకి మాత్రం తెలుస్తుంది. దాన్నే మేం రాయి అంటాం. బియ్యంలో రాయి అన్నట్టే.

పోయినేడు ఒక్కటి తప్పిపోతే ఊళ్లో సగం తలుపులకి పసుపురంగు పడింది. ఎందుకేశారంటే ఎవరూ చెప్పలేకపోయారు. అది నవ్వులాట. పదమూడేళ్ల కిందటిది నవ్వులాట కాదు. అవతలి గట్టు జాలర్ల వార్త వచ్చినప్పుడల్లా మధ్యలో తిరగబడిన పడవ బొమ్మ వచ్చేది. నెల తిరిగేసరికి మనవాళ్లు వెళ్లి వాళ్ల పడవలు తగలబెట్టి వచ్చారు. ఆ తర్వాతే ఏరుడు గది పెట్టారు.

మధ్యాహ్నం రెండింటి నుంచి కళ్లకి గంతలు కట్టుకుని చేట ముందు కూర్చుంటాం. చేట అంటే ఒక నల్లటి పలక. సాయంత్రం రాబోయే వార్తలు దాని మీదుగా పారుతుంటే వేళ్ల కింద గోరువెచ్చటి పిండిలా ఉంటుంది. రాయి ఉన్నచోట సూది గుచ్చుకుంటుంది. అక్కడ నొక్కితే నువ్వుగింజంత గాజుముక్క బయటికొస్తుంది. కుండలో పడేస్తాం. తీసిన రాయి మళ్లీ రాదు; తప్పిపోయింది మాత్రం వార్తల్లో కలిసిపోయి, వెతికి పట్టుకునేదాకా రోజూ వస్తుంది. రాయిని చూడకూడదన్నది మొదటి నియమం. ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ చూడలేదని నాకు కాస్త గర్వం కూడా ఉంది.

ఇక మనసు సంగతి. మా ఆవిడ నూకరత్నం ఈ మధ్య వార్తలు చూస్తూ నవ్వుతోంది. పోటు సంగతి అయిపోయి వలల సంగతి మొదలయ్యే చోట, ఏడూ పన్నెండుకి. నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. వలల్లో నవ్వడానికేముంది?

ఏటి నవ్వుతున్నావని అడిగాను. "ఏటీ నేదు" అంది.

121వ రోజు
రాళ్లు: తొమ్మిది. మనసు: మంట.

గవర్రాజు గురించి రాయాలి. మనవుల గదిలో గుమాస్తా. ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. ఉప్పుగాలికి ఊరందరి జుట్టూ కొబ్బరిపీచులా లేస్తే వాడి జుట్టు మాత్రం దువ్వినట్టే ఉంటుంది. వాడు రెండో వార్డులో ఉంటాడు. రెండో వార్డుకి వేరే నీళ్ల పడవ ఉంది. అయినా పొద్దున్నే రెండు బిందెలు పట్టుకుని మా ఆరో వార్డు పడవకే వస్తాడు. మా పడవ మీద నీళ్లు పోసేది రత్నం.

ఇవాళ మా గది పెద్ద సింహాలప్ప గంతలు విప్పుకుంటూ మామూలుగా ఒక మాటంది. పోయిన నెల రత్నం మనవుల గదిలోంచి రావడం చూసిందట. ఏమైనా మనవి పెట్టుకున్నారా అని అడిగింది. లేదన్నాను. నాకు తెలిసినంతలో లేదు మరి.

మనవంటే ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. రాళ్లన్నీ చెడ్డవి కావు. ఎవరైనా తమ మంచి కోసం తమ ఇంటి వార్తల్లో ఒక బొమ్మ పెట్టించుకోవచ్చు. మా పక్కింటి దాలినాయుడు ఖైనీ మానడానికి తన నాలుక బొమ్మే పెట్టించుకున్నాడు. ఖైనీ మానేశాడు, దాంతోపాటు అద్దం చూసుకోవడం కూడా మానేశాడు. వీధి చివర ముసలావిడ చనిపోయిన తన మేకని మరిచిపోకుండా దాని బొమ్మ పెట్టించుకుంది. మనవి రాయికి ముందు మూడు చుక్కల ముద్ర ఉంటుంది. వేలికి టిక్ టిక్ టిక్ మని తగిలితే మేం దాన్ని కదపకుండా వదిలేయాలి. ఎవరి మనవి ఏమిటో మనవుల గది ఎవరికీ చెప్పదు, మొగుడికైనా సరే.

ఇంటికొచ్చి అటేపు ఎందుకెళ్లావని అడిగాను. పోటు పట్టిక కోసమంది. పోటు పట్టిక గోడ మీదే వస్తుంది కదా. ఇంక అడగలేదు. సంతపడవ వస్తే వెళ్లి ఒక నీలం గళ్ల చొక్కా కొనుక్కున్నాను. గళ్ల చొక్కా వేసుకుని ఎన్నేళ్లయిందో! ఎందుకో బాగుందనిపించింది. వాడు తెల్లచొక్కా వేస్తాడు.

126వ రోజు
రాళ్లు: పద్నాలుగు. మనసు: కుతకుత.

ఆరు రోజులుగా నేను వార్తలు చూడటం లేదు, రత్నాన్ని చూస్తున్నాను. పన్నెండో నిమిషం వచ్చేసరికి ముందు భుజాలు వదులవుతాయి. తర్వాత కింది పెదవి. అప్పుడు నవ్వొస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆ నవ్వు నాకు తెలుసు, మళ్లీ ఎక్కడా చూడలేదు. దాన్ని ఇప్పుడు గోడకిస్తోంది. గోడ మీంచి నా వైపు తిరిగేసరికి అది సగమవుతుంది. కంచం నా ముందు పెట్టేసరికి మామూలు ముఖం.

ఆ సగం నవ్వు చూశాక నాకు అంతా తేటతెల్లమయిపోయింది. గవర్రాజు చేతిలో ముద్ర ఉంది. మా ఇంటి వార్తల్లో తన ముఖం పెట్టుకున్నాడు. లేనిపోని మనవి ఒకటి రాయించుకుని, దానికి మూడు చుక్కలు గుద్ది, రోజూ నా ఇంట్లో, నా గోడ మీద, నా పక్కనే కూర్చున్న నా పెళ్లాం కంట్లో పడుతున్నాడు. నేను ఊరందరి ఇళ్లలో రాళ్లు ఏరుతుంటే నా ఇంట్లో వాడు రాయి వేశాడు.

అనుమానం పెనుభూతమని మా నాన్న అనేవాడు. అనుమానమైతే కదా. నాకు తెలుసు.

నియమం ప్రకారం నా సంగతులు కూడా రాస్తున్నాను. ఈ వారంలో మీసం రెండుసార్లు కత్తిరించుకున్నాను. నీళ్ల తొట్టిలో ముఖం చూసుకుంటూ ఎక్కువసేపు నిలబడ్డాను, పర్వాలేదు బాగానే ఉన్నాననిపించింది. వానలు ఇంకా రెండు నెలలున్నా గొడుగు కొనాలనిపిస్తోంది. పోటీ పడుతున్నాను కదా, ఇవన్నీ అందుకే అయ్యుంటాయి.

129వ రోజు
రాళ్లు: పది. మనసు: నిశ్చయం.

సొంత వార్డు వార్తలు ఏరకూడదన్నది రెండో నియమం. ఆరో వార్డు సింహాలప్పది, నాది నాలుగు. నా ఎడమ బొటనవేలు కాలిందని, నాలుగో వార్డు బరువుగా ఉందని, ఒక్కరోజు వార్డులు మార్చుకుందామని అడిగాను. వేలు నిజంగానే కాల్చుకున్నాను, పొద్దున్న పెనం మీద, కావాలనే. అబద్ధం ఆడకూడదని.

సింహాలప్ప గంతలు విప్పకుండానే నా వేలు పట్టుకుని చూసింది. ఆమె చూసిందంటే అర్థం రెండు వేళ్లతో తడిమింది. తర్వాత నెమ్మదిగా అంది, "సొంత బియ్యంలో రాళ్లు ఏరుకున్నోడికి కూడు సయించదురా బాబూ. సూసుకో మరి."

రేపటికి మార్చుకుంది. నన్ను నమ్మింది. పన్నెండేళ్లలో నేనామెకి ఒక్క చెడ్డరాయి కూడా వదల్లేదు.

130వ రోజు
రాళ్లు: ఏడు, ఇంకొకటి. మనసు: గెలిచాను.

ఆరో వార్డు వార్తలు వేళ్ల కిందకి వచ్చాయి. ముందు వార్డంతటికీ ఒకటే వచ్చే వార్తలు, తర్వాత ఒక్కొక్క ఇంటిదీ విడిగా పాయలు పాయలుగా వస్తాయి. నేను ముప్పై ఒకటో ఇంటి కోసమే కూర్చున్నాను. ముందు వచ్చినవన్నీ ఎలా వెళ్లాయో సరిగ్గా గుర్తులేదు. గుచ్చుకున్నవి తీశాను. నా చెవులు నా ఇంటి మీదే ఉన్నాయి. చెవులు కాదు, వేళ్లు.

ముప్పై ఒకటి వచ్చింది. పోటు సంగతి. అది అయిపోయింది. టిక్ టిక్ టిక్.

మూడు చుక్కలు తగలగానే పన్నెండేళ్ల అలవాటు నా వేళ్లని వెనక్కి లాగింది. నేను మళ్లీ ముందుకి నెట్టాను. నొక్కాను. ముద్ర ఉన్న రాయి మామూలు రాయిలా తేలిగ్గా రాదని అప్పుడే తెలిసింది. దంతం పీకినట్టు పీకాల్సి వచ్చింది. గాజుముక్క చేతిలోకొచ్చింది. కుండలో వేయలేదు. వేస్తే నెలాఖరుకి లెక్కలో దొరికిపోతుంది. సున్నపు డబ్బీలో వేసి నడుముకి దోపుకున్నాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనిప్పుడు ఇంటి దొంగనే. అయితేనేం, పోయింది నా ఇంట్లోంచే కదా.

ఏడింటికి గోడ వెలిగింది. పన్నెండో నిమిషం వచ్చింది. రత్నం భుజాలు వదులయ్యాయి, అలవాటు మీద. పెదవి కదలబోయి ఆగిపోయింది. నవ్వు రాలేదు.

నేను రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.

134వ రోజు
రాళ్లు: పన్నెండు. మనసు: బాగుంది, బాగులేదు.

నాలుగు రోజులుగా నవ్వు లేదు. రెండోరోజు రత్నం లేచి వెళ్లి తడిగుడ్డతో గోడ తుడిచింది. మూడోరోజు ఎండగుడ్డ బాగా ఎండలేదేమోనని మడత విప్పి చూసింది. నేను మళ్లీ గోడ వైపు చూస్తూ, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాను. వాడి కోసం గోడ తుడుస్తోంది అనుకుంటే లోపల ఎంత సంతోషమో అంత మంట.

ఇప్పుడేమో అసలు మాట్లాడటం లేదు. ఇవాళ చేపల పులుసు పెట్టి తను తినలేదు. కంచం పక్కకి తోసేసింది. వాడు కంట్లోంచి పోయాడని బెంగ పెట్టుకుంది, అంతే. నాకూ తినబుద్ధి కాలేదు. ముక్క నోట్లో పెట్టుకుంటే వాసనొచ్చినట్టయింది. కోపంలో ఉన్నవాడికి ఏది సయిస్తుంది?

పొద్దున్న పడవ దగ్గర చాటునుంచి చూశాను. గవర్రాజు రెండు బిందెలతో రానే వచ్చాడు. రత్నం వాడితో ఏదో అంది. వాడు తల అడ్డంగా ఊపాడు. రత్నం చెంగుతో కళ్లు తుడుచుకుంది. బొమ్మ పీకేశాను గానీ మనిషిని ఏ చేట మీద పెట్టి పీకను?

137వ రోజు
రాళ్లు: పదకొండు. మనసు: ఈ గడి చాలదు.

ఇవాళ గవర్రాజుని పట్టుకున్నాను. నీళ్ల పడవ వెళ్లిపోయాక వంతెన మీద అడ్డంగా నిలబడ్డాను. మా వార్డు నీళ్లలో ఏం తీపి ఉందని అడిగాను. కొత్త చొక్కా వేసుకున్నాను, మీసం దువ్వుకున్నాను. వాడు రెండు బిందెలూ కింద పెట్టాడు.

వాడు చెప్పిందేమిటంటే, రెండో వార్డు పడవ మీద నీళ్లు పోసేది వాడి బావమరిదట. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు, వెళ్తే ముఖాన పోస్తాడట. అది నిజమేనని పక్కన నిలబడ్డ దాలినాయుడు కూడా తలూపాడు. నాకింకా చల్లారలేదు. మూడు రోజుల కిందట నా పెళ్లాం నీ ముందెందుకు ఏడ్చిందని అడిగాను.

గవర్రాజు చాలాసేపు నా చొక్కా వైపు చూశాడు. "మనవి సంగతి నాను సెప్పకూడదు. మీ ఆవిడ బొమ్మ రావట్లేదు, ఏటయినాదని అడిగినాది. మా కాడి నుండి బాగానే ఎల్లినాది, మేం తియ్యనేదని సెప్పినాను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అంటే ఏరుడు గదిలోనే పోనాది. తీసినోడు దాన్ని ఒక్కపాలి సూస్తే బాగున్ను."

అని బిందెలెత్తుకుని పోయాడు. వాడికి తెలుసు. నేను తీశానని తెలిసి కూడా ఫిర్యాదు చేయలేదు. దొంగకి తేలు కుట్టినట్టు డబ్బీ మీద చెయ్యి పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

138వ రోజు
రాళ్లు: ఏరలేదు. మనసు: రాస్తాను.

పొద్దున్న రత్నం పడవ మీదకి వెళ్లాక ఇంటికప్పు ఎక్కి, ఎండగుడ్డ పక్కన కూర్చుని, డబ్బీ తీశాను. పన్నెండేళ్లుగా ఒక్క రాయీ చూడనివాణ్ని, గాజుముక్కని ఎండకి పెట్టి ఒక కన్ను మూసి చూశాను. వాడు ఏ నవ్వుతో నా ఇంట్లోకొచ్చాడో చూడాలని. నిజం చెప్పాలంటే, వాడు కాకపోతే ఇంకెవడో చూడాలని.

నేనే ఉన్నాను.

నీలం గళ్ల చొక్కా. దట్టమైన మీసం. చేతిలో గొడుగు, గాలికి తిరగబడిపోయి ఊచలన్నీ ఆకాశం వైపు. నోరంతా తెరిచి నవ్వుతున్నాను. పదమూడేళ్ల కిందటిది. ఈ ఇంటికి మొట్టమొదటిసారి నిచ్చెన వేసి ఎక్కినరోజు వాన, ఈదురుగాలి. గొడుగు పోయిందని నేను నవ్వుతుంటే రత్నం పైనుంచి ఫోటో తీసింది. ఆ ఫోటో సంగతే నాకు గుర్తులేదు.

అప్పుడు కొత్త చొక్కా గుర్తొచ్చింది. మీసం, తొట్టి, గొడుగు కొనాలన్న కోరిక, అన్నీ గుర్తొచ్చాయి. పోటీ పడుతున్నాననుకున్నాను. పడ్డాను కూడా, ఎవడితోనో తెలియకుండా.

సిగ్గుపడాలి కదా. సిగ్గు తర్వాతొచ్చింది. ముందొచ్చింది అసూయే. ఆ గొడుగువాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. రోజుకి రెప్పపాటులో పదో వంతు కనబడి వాడు సంపాదించుకున్న నవ్వు, రోజంతా పక్కనుండి నేను సంపాదించుకోలేకపోయాను. గవర్రాజయితే కొట్టవచ్చు. వీణ్నేం చేయను?

పన్లోకి వెళ్లేసరికి సింహాలప్ప చేట ముందు లేదు. వాకిట్లో నిలబడి ఉంది. వారంగా ఆరో వార్డులో ఎవరూ చేప కొనడం లేదట. అవతలి గట్టు వాళ్లు పడవల నిండా తెచ్చి, కుళ్లిపోయాక సముద్రంలో పారబోసుకుంటున్నారట. ఎందుకు కొనరంటే ఎవరికీ తెలియదు, వాసనంటున్నారు. నిన్న ఇద్దరు ముగ్గురు ఆ గట్టు వాళ్లే కంపు అన్నారట. పదమూడేళ్ల కిందట కూడా మాటలు ఇలాగే మొదలయ్యాయి.

నా చేపల పులుసు గుర్తొచ్చింది. రత్నం తోసేసిన కంచం. అది బెంగ కాదు. నాది కోపం కాదు. ఆ రోజు నా ఇంటి కోసం కాచుకు కూర్చుని, నా వేళ్ల కింద నుంచే ఒక రాయిని ఊరి మీదకి వదిలేశాను.

డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాను. మొత్తం చెప్పాను. సింహాలప్ప కేకలేయలేదు. "నలబై దినాలు సేట ముట్టుకోకు. కుండలు మొయ్యి. నీ వేళ్ల మీద నాకింకా నమ్మకమున్నాది. నీ మీదే నేదు" అంది. డబ్బీ మళ్లీ నా చేతిలోనే పెట్టింది. ముద్ర ఉన్న రాయి ఎవరిదో వాళ్లకే ఇవ్వాలట.

139వ రోజు
రాళ్లు: కుండలు ఇరవై మోశాను. మనసు: ఖాళీ.

నిన్న వార్తలయ్యాక రత్నం ముందు డబ్బీ పెట్టాను. మూత తీసి చూసి ఏమిటో వెంటనే పోల్చుకుంది. నేనే తీశానని చెప్పాను. గవర్రాజు ముఖమనుకున్నానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గాజుముక్కని అరచేతిలో వేసుకుని దానితోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"నువ్వు ఇంటికొచ్చినా ఏరుడు ఆపవు మావా. ఎక్కడికెల్లినావు, ఎవులితో మాటాడినావు, ఎందుకు నవ్వినావు. నాను ఏ మాటన్నా దాన్లో రాయి ఎతుకుతావు. ఎతికి ఎతికి నువ్వు నవ్వడం మరిసిపోనావు. నాకు నీ మొకం మీద ఇసుగొచ్చేసినాది. బయమేసినాది. కాపరం ఇలాగ పోతాదేటని బయమేసి ఆ గుంటణ్ని తెచ్చుకున్నాను. రోజుకి ఒక్కపాలి సూస్తే నీ మీద ఇస్టం నిలబడతాదని."

ఎంతకాలమైందని అడిగాను. నెలన్నర అంది. తీసేసి ఎనిమిది రోజులయింది కదా, ఇప్పుడెలా ఉందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఏరేవాడి నోరు ఊరుకోదు.

"తెల్దు" అంది. "నీ వైపు సూస్తన్నాను. ఏదీ తెల్దు."

నేను బతిమాలాను. రాయి తిరిగి పెట్టేయమని సింహాలప్పని అడుగుతాను, రేపు సాయంత్రానికి వచ్చేస్తుంది అన్నాను. వాడిని మళ్లీ ఇంట్లోకి తేవడమంటే నా గుండె మీద నేనే రాయి వేసుకోవడం. అయినా అన్నాను, ఆ సగం నవ్వయినా దక్కుతుందని.

రత్నం డబ్బీ మూత పెట్టేసింది. "ఒద్దు మావా. ఆ గుంటడు మంచోడే. కానీ ఆడు గోడ మీదుంటాడు. కాపరం నీతో కదా."

ఉంటుందో పోతుందో మాత్రం చెప్పలేదు. ఒక దుప్పటి తెచ్చి గోడకి అడ్డంగా కట్టింది. ఇక మీదట వార్తలు వినడమేనంది. ఏ బొమ్మా కంట్లో పడకుండా, తన కళ్లతో నన్ను ఎన్నాళ్లు చూడగలిగితే అన్నాళ్లు చూస్తానంది.

145వ రోజు
రాళ్లు: కుండలు పద్దెనిమిది. మనసు: కుళ్లు.

చేపల రాయి దొరికింది. పురుగులు పట్టిన చేప బొమ్మట, అవతలి గట్టు పడవ పక్కనే పెట్టాడట ఎవడో. ఎవడో ఇంకా తేలలేదు. ఆ రాయి తీసేసి, సంగతంతా వార్తల్లోనే బాహాటంగా చెప్పారు. రెండు రోజులు ఎవరూ నమ్మలేదు. మూడోరోజు ఆకలి నమ్మించింది. నిన్న అవతలి గట్టు పడవ దగ్గర నేనే అందరికంటే ముందు నిలబడి చేప కొన్నాను. ముక్క గొంతు దిగడానికి కాస్త కష్టమైంది, దిగింది. పడవలు తగలబడలేదు.

ఇంట్లో దుప్పటి వెనక గోడ మాట్లాడుతుంది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని వింటాం. చూడటానికి ఇంకేం లేదు కాబట్టి ఒకళ్లనొకళ్లు చూసుకుంటాం. రత్నం చూపు బియ్యం చూసినట్టు ఉంటుంది, కొనాలా వద్దా అన్నట్టు. ఇవాళ నేను తెగించి నోరంతా తెరిచి నవ్వాను. కుండలు మోసేటప్పుడు నాలుగు రోజులు సాధన చేశాను.

"అలాగ నవ్వకు" అంది. "అది ఆడి నవ్వు."

నా నవ్వే. నా నోటితో నేను నవ్వకూడదు. వాడిదట. ఈ పుస్తకంలో మనసు దాచకూడదు కాబట్టి రాస్తున్నాను: ఊళ్లో ఏ మగవాడి మీదా నాకింత కుళ్లు పుట్టలేదు.

గవర్రాజు ఇవాళ పడవ దగ్గర పలకరించాడు. బావమరిదితో మాటలు కలిశాయట, రేపటి నుంచి రెండో వార్డుకే వెళ్తాడట. ఎందుకో కొంచెం బెంగనిపించింది.

152వ రోజు
రాళ్లు: కుండలు మధ్యాహ్నం మొయ్యాలి. మనసు: కింద రాస్తున్నాను.

నిన్న వార్తల్లో పోటు నాలుగో మెట్టు దాకా అన్నారు. మా నిచ్చెనకి పన్నెండు మెట్లు. నాలుగో మెట్టంటే కింది నుంచా, పై నుంచా అన్నది నోటితో చెప్పరు. గోడ మీద బాణం గుర్తు వేస్తారు. చిన్నప్పట్నుంచీ ఆ గుర్తు చూడటమే తప్ప దాని గురించి ఆలోచించినవాణ్ని కాదు. దుప్పటి వెనక బాణం గుర్తు ఏం కనబడుతుంది? ఎప్పుడూ ఉండేదే అనుకుని కింది నుంచి నాలుగనుకున్నాను.

పొద్దున్న రత్నానికి నీళ్ల పడవ వేళవుతోందని, రెండు ఖాళీ బిందెలు రెండు భుజాల మీద పెట్టుకుని, నిచ్చెన వైపు ముఖం పెట్టి వెనక్కి దిగుతున్నాను. పొగమంచు. కింద ఇంకా నాలుగు పొడి మెట్లు ఉన్నాయన్న ధీమా. నిన్నటి చేపల ధర మీద దాలినాయుడు పక్కింటి నుంచి ఏదో అడిగితే తల తిప్పి జవాబు కూడా చెప్పబోయాను. పై నుంచి ఐదో మెట్టు మీద కాలు పెట్టేసరికి నీళ్లు మోకాలిదాకా వచ్చాయి. ఒక బిందె వదిలేశాను. రెండోది పట్టుకోబోయి మొత్తంగా మునిగాను.

పైకి తేలి నిచ్చెన దొరకపుచ్చుకుని చూస్తే నీలం గళ్ల చొక్కా ఒంటికి అంటుకుపోయింది, మీసం నోట్లోకి వచ్చింది. బిందె మూతి తిరగబడి నీళ్ల మీద బుడుంగు బుడుంగుమంటూ అవతలి గట్టుకి పోతోంది. పైన గుమ్మంలో రత్నం నిలబడి ఉంది.

"ఏటి మావా, తానం అయిపోనాదా?" అంది.

అని నవ్వింది. గుమ్మం పట్టుకుని, వంగి, పొట్ట నొక్కుకుని నవ్వింది. గోడ ఆమె వెనక ఉంది. గోడకి దుప్పటి ఉంది. ఎండగుడ్డ ఇంకా కప్పెక్కలేదు, గోడలో అసలు వెలుగే లేదు. నవ్వుతూనే మూడు మెట్లు దిగి చేయి చాపింది.

ఆ నవ్వు నాదా, లేక తడిసిన గళ్ల చొక్కా చూసి ఆ గొడుగువాడు గుర్తొచ్చాడా అని అడగబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వేళ్లు దురదపెట్టాయి. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చెయ్యి ఆమెకిచ్చాను. ఏరడానికి ఇంక చెయ్యి మిగల్లేదు.